దాదీకి సైగలు

ఫోర్ట్ పోర్టల్, ఉగాండా
ఫిబ్రవరి 14

ఫరీ,

చేరిన. నిన్న వీడియో కాల్‌ల నీ మొఖం నాకు మంచిగనే కనబడ్డది గని, నా పెదవులు నీకు ఆగి ఆగి కనబడ్డయట. "నీ నోరు ఇరుక్కపోయింది, రాసి పంపు" అని నువ్వు మెసేజ్ పెట్టంగనే నవ్వాగలే. ఐదో తరగతి నుంచి బెంచీ కింద చీటీలు రాసుకున్నోళ్లం, మనకు కొత్తనా? గందుకే కాయితం మీద రాసి, ఫోటో తీసి, సిగ్నల్ దొరికినప్పుడు పంపుత. నువ్వు గూడ గట్లనే పంపు. టైపు చేసుడు వద్దు, నీ చేతిరాత చూడాలె.

కంపాలా నుంచి ఇక్కడికి బస్సుల ఒక పూట పట్టింది. తొవ్వ పొడుగూత చాయ్ తోటలు. ఊరు గుట్టల మీద ఉంటది. పొద్దుగాల మన కోమటి చెరువు కట్ట మీద ఉండే సల్లదనం ఇక్కడ దినమంత ఉంటది. పడమట పెద్ద కొండలున్నయట గని, నేను వచ్చిన కాడికెల్లి మబ్బు కప్పుకొనే ఉన్నయి. మా కాలేజీ నుంచి ఇంటర్న్‌షిప్‌కు కొందరు నేపాల్ పోయిన్రు, నాకు ఈ వినబడని పిల్లల బడి పడ్డది. రేకుల కప్పు, ముంగట గడ్డి మైదానం, వెనుక హాస్టల్. పచ్చి అరటికాయల పొట్టు తీసి, ఆకుల్ల కట్టి ఉడకబెట్టి, ముద్ద చేసి పెడ్తరు. మతోకె అంటరు దాన్ని. ఉప్పు తప్ప ఏముండది. మా అమ్మ కట్టిచ్చిన కారప్పొడి అయ్యేదాక ఫికర్ లేదు.

మనుషులు మాత్రం మస్తు మర్యాద. ఇక్కడ అసలు పేరు కాక అందరికీ ఒక ముద్దుపేరు ఉంటది, పలకరించేది దానితోనే. వంట చేసే ఆమె నాకు 'అత్వోకి' అని పెట్టింది.

పిల్లలను గూడ చూసిన ఫరీ. పాపం, కొందరు ఇంట్ల ఒక్క మాట నేర్వకుండనే పదేండ్లు పెరిగి వచ్చిన్రు. పోయేలోపల వీళ్లకు ఏదన్న చేసి పోవాలని ఉన్నది. ఇంకో ముచ్చట. ఇక్కడి పెద్ద టీచర్ బసెమెరా. ఆమెకూ వినబడది. అయినా బడి మొత్తం ఆమెనే నడిపిస్తది. నమ్ముతవా?

నీ సింధుజ


సిద్దిపేట
ఫిబ్రవరి 18

సింధూకి,

నీ ఉత్తరం వచ్చింది. మా అబ్బా ప్రెషర్ కుక్కర్ల దుకాణం మూసి ఇంటికొచ్చేసరికి నేను రెండుసార్లు చదువుడు అయ్యింది. "ఏం రాసింది సింధుజ?" అని అడిగిండు. "అరటికాయలు తింటుందట" అని చెప్పిన.

రేపటి నుంచి రంజాన్. దాదీ ఖర్జూరాలు డబ్బాలకు పోసి పెట్టింది.

ఇగ నీ సంగతి. "నమ్ముతవా" అని అడిగినవ్. వినబడని మనిషి బడి నడిపిస్తదంటే నేను నమ్మకుంటే ఇంకెవరు నమ్మాలె? "పాపం" అని గూడ రాసినవ్. మొన్న ధూళిమిట్ట నుంచి దుర్గవ్వ అని ఒకామె బిడ్డ పెండ్లి జాకెట్టు మగ్గం పనికి ఇయ్యవచ్చింది. నా మొఖం ముంగట నిలబడి ఏ పువ్వు ఎక్కడ కుట్టాల్నో మస్తుసేపు చెప్పింది. పెదవులు చూసి నేను అంతా పట్టుకున్న. చివరికి "ఏ దారం పెట్టాలె?" అని నా గొంతుతోని అడిగిన. నా గొంతు విన్నంక ఆమె మొఖం మారింది. "అయ్యో పాపం" అని మా షాపు ఓనర్ దిక్కు తిరిగి, చెప్పిందంతా ఆయనకు మల్ల మొదటికెల్లి చెప్పింది. జాకెట్టు కుట్టేది నేను. గీ మాట నాకు ఎట్లుంటదో నీకు చెప్పాల్నా?

ఇంకొకటి. కొండ రాసినవ్, మబ్బు రాసినవ్, అరటికాయ రాసినవ్. నువ్వు క్లాసుల ఏం చెప్పినవో ఒక్క ముక్క రాయలే. లెక్కల పరీక్షల తక్కువొచ్చినప్పుడు గూడ నువ్వు గిట్లనే మంచి మంచి ముచ్చట్లు చెప్పేదానివి. ఏమైందో సక్కగ రాయి.

ఆ బసెమెరా టీచర్ గురించి ఇంకా రాయి. వినబడేటోళ్ల ముంగట నిలబడి ఎట్ల మాట్లాడ్తది? పిల్లలు లొల్లి చేస్తే ఆమెకు ఎట్ల తెలుస్తది? ఎవరన్న నవ్వితే ఏం చేస్తది?

ఫరీహా


ఫోర్ట్ పోర్టల్
ఫిబ్రవరి 27

ఫరీ,

నీ దగ్గర దాచుడు నాతోని కాదు. నన్ను క్లాసుల నుంచి తీసేసిన్రు.

మొదటి దినం నేను మస్తు తయారై పోయిన. మన దేశంల నేర్చుకున్న సైగలన్ని ఇక్కడ పనికొస్తయనుకున్న. ఇక్కడి సైగలు వేరే. మనం అక్షరాలు రెండు చేతులతోని చూపిస్తం, వీళ్లు ఒక్క చేత్తోని చూపిస్తరు. నేను 'నీళ్లు' అంటే వాళ్లకు ఇంకేదో అర్థమైంది, ఒకడు పకపక నవ్విండు. నాకు కంగారు పుట్టి నోటితోని గూడ గట్టిగ మాట్లాడుకుంట పోయిన. ఇక్కడ పిల్లలు ప్రతి మనిషికి ఒక సైగ పేరు పెడ్తరు. నాకు పెట్టిన పేరేందో తెలుసా? నాలుగు వేళ్లు, బొటనవేలు కలిపి టపటప కొట్టుకునే నోరు.

బసెమెరా టీచర్ వెనుక కూసొని అంతా చూసింది. క్లాసయినంక బోర్డు మీద ఇంగ్లిషుల రాసింది: "నువ్వు పిల్లలకు పాఠం చెప్తున్నవ్. పిల్లలతోని మాట్లాడ్తలేవు." తెల్లారి నుంచి నన్ను హాస్టల్ ఆడపిల్లలతోని పనికి పెట్టింది. అరటికాయల పొట్టు తీసుడు, చిక్కుడు గింజలు ఏరుడు, బట్టలు ఆరేసుడు. అది తప్ప నాకు పని లేదు. నాకు తల కొట్టేసినట్టయింది. మూడేండ్లు చదివింది గింజలు ఏరనీకా? ఇంటికి వస్త అని మా కాలేజీ సార్‌కు మెయిల్ రాసిన. పంపలే. అట్లనే ఉన్నది.

నువ్వడిగినయి చెప్త. ఆమె నడీడు మనిషి, కురచ జుట్టు, ఎప్పుడూ ఇస్త్రీ గౌను. పిల్లలు లొల్లి చేస్తే కాలితోని నేలను ఒక్కటి కొడ్తది, అదురు అందరికీ తెలుస్తది. లేకుంటే లైటు ఆర్పి ఏస్తది. ఎవరన్న నవ్వితే, నవ్వుడు అయ్యేదాక ఆగి మల్ల మొదలు పెడ్తది. బడి తనిఖీకి అధికారి వచ్చినా పాఠం ఆపది. అయ్యేదాక ఆయన ఆగాల్సిందే.

ఇక్కడ కునిహిరా అని ఒక పిల్ల ఉన్నది. పదకొండేండ్లు. వాళ్ల అమ్మమ్మ తెచ్చి దింపి పోయింది. పుట్టు చెవుడు, సైగలు గూడ ఒక్కటి రావు. పొద్దంత గేటు కాడ నిలబడి తొవ్వ దిక్కు చూస్తది. బొమ్మలు చూపిస్తే చింపుతది. మిఠాయి ఇయ్యవోతే ఒక టీచర్ చెయ్యి కొరికింది. నాకూ ఆ పిల్లకూ ఏం ఫరక్ లేదనిపిస్తుంది. ఇద్దరికీ ఇంటికే పోవాలని ఉన్నది.

నా ఫోన్‌ల నీ ఫోటో చూసి బసెమెరా టీచర్ అడిగింది, ఎవరని. చెప్పిన. ఐదో తరగతిల మెదడువాపు జ్వరం వచ్చిందని, వినికిడి పోయిందని, నీ కోసమే నేను ఈ చదువు తీసుకున్ననని. ఆమెకూ ఎనిమిదేండ్లప్పుడు జ్వరం వచ్చే పోయిందట. "నీ దోస్తు సైగలు చేస్తదా?" అని అడిగింది. చెయ్యదన్న. "ఎందుకు?" అన్నది. నిన్ను అడిగి చెప్త అన్న.

మెయిల్ పంపాల్నా వద్దా, నువ్వే చెప్పు.

సింధుజ


సిద్దిపేట
మార్చి 6

సింధూ,

రాకు. గింజలు ఏరు. ఆ టీచర్ నీకు శిక్ష ఏసిందని నేను అనుకుంటలేను. పిల్లలు మాట్లాడుకునే జాగల నిన్ను కూసుండబెట్టింది. క్లాసుల పిల్లలు పాఠం మాట్లాడ్తరు, ముచ్చట్లు మాట్లాడేది గింజల కాడనే. నేను నీ జాగల ఉంటే ఎగిరి దుంకుదును.

నేను ఎందుకు సైగలు చెయ్యనో రాస్త. దవాఖాన నుంచి వచ్చినంక డాక్టర్ అన్నడట, "చేతులు ఊపనియ్యకున్రి, మాట పోతది" అని. అందరికన్న ఎక్కువ పట్టించుకున్నది దాదీ. నేను చెయ్యి లేపితే చాలు, రెండు చేతులు తన ఒళ్లె పెట్టుకొని "ముహ్ సే బోల్" అనేది. నోటితోని చెప్పమని. ప్రేమతోనే. అటెంక నేనే నేర్చుకోలే. నువ్వు కాలేజీల నేర్చుకొని వచ్చి చూపిస్తే మొఖం తిప్పుకున్న, యాదికుందా? చేతులు ఊపితే నేను చెవిటిదాన్నని అందరికీ తెలుస్తది. నోరు మూసుకొని కూసుంటే పొగరుబోతుదాన్ని అనుకుంటరు. పొగరే నయమనిపించింది.

ఇప్పుడు ఇంకో సంగతి. మొన్న ఇఫ్తార్‌ల అందరం దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి చుట్టూ కూసున్నం. నాకు ఉపాసం విడిచే సైరన్ వినబడది గద, అందుకే నేను ఎప్పుడూ వేరేటోళ్ల చేతులు చూస్త. అబ్బా చెయ్యి ఖర్జూరం మీదికి పోయింది, అమ్మీ చెయ్యి పోయింది, నేనూ తీసుకున్న. దాదీ మాత్రం ఖర్జూరం చేతిల పట్టుకొని, కండ్లు మూసుకొని దువా చేసుకుంట అట్లనే కూసున్నది. అందరు సగం తిన్నరు. ఎవరూ చూస్తలేరు. నేను ఆమె మోకాలు తట్టి, నా నోట్ల ఖర్జూరం చూపించిన. దాదీ ఉలిక్కిపడి అందరి దిక్కు చూసింది. ఆ చూపు నాకు తెలుసు సింధూ. ఆ చూపు నాది.

అప్పుడు అర్థమైంది, నా లెక్కనే దాదీకి గూడ ఏం వినబడ్తలేదని. ఇన్ని నెలల నుంచి అందరు "దాదీ మొండిదైంది, పిలిస్తే పలుకది" అంటున్నరు. ఆమెనేమో "మేరేకు కోయీ కుచ్ నై బోల్తే" అని అలుగుతది, నాకెవరూ ఏం చెప్తలేరని. అబ్బా చెవుల దగ్గర అరుస్తడు. అరిస్తే మాట తెల్వది, కోపం తెలుస్తది. చెవి మిషిన్ తెచ్చి పెట్టిన్రు. గరగర తప్ప ఏం లేదని తీసి పాన్‌దాన్ డబ్బాల పడేసింది.

నాకంటే చీటీలున్నయి. దాదీకి ఉర్దూ తప్ప చదువురాదు, నాకు ఉర్దూ రాయరాదు. ఆమెతోని ఎట్ల మాట్లాడాలె? ఒక్కసారి బసెమెరా టీచర్‌ను అడుగు. నా కోసం కాదు, దాదీ కోసం.

ఫరీహా


ఫోర్ట్ పోర్టల్
మార్చి 12

ఫరీ,

మెయిల్ తీసేసిన. నువ్వన్నదే నిజం. గింజల కాడ ఆడపిల్లలు ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుంటరు, వార్డెన్ నడకను ఎక్కిరిస్తరు, కొట్లాడుకుంటరు. అది పట్టుకుందామని చూసి చూసి నాకు సైగలు వచ్చినయి. ఇప్పుడు నేను గూడ చాడీలు చెప్తున్న.

నీ ఉత్తరానికి బసెమెరా టీచర్ ఏమన్నదో చెప్పే ముందు, కునిహిరా సంగతి చెప్పాలె. నేను వంటింటి ముంగట కూసుంటే గేటు కనబడ్తది, అంతా నా కండ్లతోని చూసిన.

ఒక దినం బడి అయినంక టీచర్ పోయి ఆ పిల్ల పక్కన నిలబడ్డది. ఏం చెప్పలే. పిల్ల మొఖం దిక్కు గూడ చూడలే. పిల్ల తొవ్వ చూస్తుంది, ఈమె గూడ తొవ్వ చూస్తుంది. పిల్ల జరిగి దూరం నిలబడ్డది. ఈమె కదులలే. తెల్లారీ గంతే, అటెంక గూడ గంతే. నాకు పిచ్చి లేసింది. గింత పెద్ద బడి పని పెట్టుకొని గేటు కాడ నిలబడుడేందని.

మొన్న వాన పట్టింది. అందరు ఉరికిన్రు, పిల్ల ఉరుకలే. టీచర్ గొడుగు పట్టుకొని పోయి పక్కన నిలబడ్డది. కొద్దిసేపయినంక గొడుగు పిల్ల చేతికిచ్చి, వానలనే నడుము వంచింది. ఒక చెయ్యి నడుము మీద పెట్టుకొని, కుడి చేతిల కట్టె పట్టుకున్నట్టు పెట్టి, కుంటుకుంట నాలుగడుగులు ఏసింది. ఆగి నెత్తి మీద గుడ్డ సర్దుకున్నది. ఎవరో గుర్తుపట్టినవా? వాళ్ల అమ్మమ్మ.

కునిహిరా కొయ్యబారి చూసింది. గొడుగు కింద పడేసింది. ఉరికొచ్చి టీచర్ కుడి చెయ్యి పట్టుకొని కిందికి గుంజి, ఎడమ చెయ్యిని లేపి పెట్టింది. కట్టె పట్టుకునేది ఎడమ చేత్తోనట! ఫరీ, ఆ పిల్ల బతుకుల మనిషితోని ఆడిన మొదటి మాట గది: "తప్పు, గట్ల కాదు, గిట్ల." టీచర్ ఎడమ చేత్తోని మల్ల నడిచింది. తొవ్వ దిక్కు చూపించి "వస్తది" అని సైగ చేసింది. పిల్ల అదే సైగ చేసింది. వస్తది, వస్తది, వస్తది అని ఎన్నిసార్లు చేసిందో. ఇద్దరు ముద్ద ముద్దగ తడిసి లోపలికి వచ్చిన్రు. టీచర్ నా పక్కన కూసొని, గౌను పిండుకుంట, ఏం కానట్టే చిక్కుడు గింజలు ఏరింది.

గిట్లాంటి మనిషిని నేను ఇంతకుముందు చూడలే.

తెల్లారి దాదీ సంగతి చెప్పిన. కాయితం తీసుకొని రాసిచ్చింది: "నీ దోస్తును ఏమీ నేర్పొద్దని చెప్పు. పోయి దాదీ పక్కన కూసుండమను. దాదీ దేని దిక్కు చూస్తుందో తను గూడ గటే చూడమను. దాదీకి ఏం కావాల్నో అక్కడ ఉంటది. మాట అక్కడి నుంచే మొదలు పెట్టమను." చివరికి ఇంకో మాట రాసింది: "మోకాలు తట్టి ఖర్జూరం చూపించిందే, అదే ఆమె మొదటి పాఠం. మంచి టీచర్."

మన సైగలు కొన్ని వీడియో తీసి పంపుతున్న. అవసరమైతేనే చూడు.

సింధుజ


సిద్దిపేట
మార్చి 24

సింధూ,

ఈద్ ముబారక్. నీ వాటా షీర్ ఖుర్మా నేనే తాగిన.

"మంచి టీచర్" అన్న మాట చదివి కాయితం మడిచి పెట్టుకున్న. ఎవరికీ చూపించలే.

చెప్పినట్టే చేసిన. దాదీ తఖ్త్ బల్ల మీద కూసొని కిటికీల నుంచి గల్లీ చూస్తది. నేను పోయి పక్కన కూసున్న. మగ్గం పని కొంచెం ఇంటికి తెచ్చుకున్న, కూసునుడుకు అదొక బహానా. గల్లీల పాలాయన పోయిండు, కూరగాయల బండి వచ్చింది, ఎదురింటి రిజ్వానా ఆంటీ, పక్కింటి సంగీతక్క గోడకు ఆనుకొని నవ్వుకుంటున్నరు. దాదీ మెడ పొడుగు చేసి వాళ్లనే చూస్తుంది. అప్పుడు తెలిసింది. ఈమెకు మందులు, చాయ్, అన్నం గురించి ఎవరన్న చెప్తరు. గల్లీ ముచ్చట్లు ఎవరు చెప్తరు? ఈ గల్లీ ముచ్చట్లన్ని ఒకప్పుడు దాదీ నుంచే మొదలయ్యేటివి గద!

నేను వాళ్ల పెదవులు చదివిన. సంగీతక్క వాళ్లాయన కొత్త చెప్పులు గుడి కాడ పోయినయట. నేను చెయ్యి లేపి చెప్పుల సైగ చేద్దామనుకున్న. దాదీ టక్కున నా చెయ్యి పట్టుకొని ఒళ్లె పెట్టుకున్నది. పాత అలవాటు. నాకు మల్ల పదేండ్ల పిల్లనైనట్టు అనిపించి, కండ్లల్ల నీళ్లొచ్చి, లేచి పోయిన. నీకు రాసుడు గూడ బంద్ చేద్దామనుకున్న.

తెల్లారి పోవద్దనుకున్న గని పోయిన. మల్ల కూసున్న. మల్ల ఇద్దరు గోడ కాడ నవ్వుకుంటున్నరు. ఈసారి దాదీ నా దిక్కు తిరిగింది. కనుబొమ్మలు పైకి లేపి, చెయ్యి తిప్పింది, 'ఏందట?' అని. దాదీనే సింధూ! నేను అడుగలే, ఆమెనే అడిగింది. నిన్నటి ముచ్చటనే చెప్పిన: చెప్పులు, గుడి, గాయబ్, వట్టికాళ్లతోని ఇంటికి. అన్ని చేతులతోని చేసి చూపించిన. దాదీ నోరు మూసుకొని భుజాలు ఊగేటట్టు నవ్వింది.

ఇప్పుడు మాకు మస్తు పేర్లున్నయి. అబ్బాకు కుక్కర్ సీటీ, అమ్మీకి నడుము మీద చెయ్యి, పాలాయనకు పొట్ట. నీ వీడియోలు చూస్తున్న. మాకు లేని మాటలు వాటిల నుంచి తీసుకుంటున్న. అబ్బా మొదటి దినం ఏమో అనబోయి ఆగిండు. మొన్న తలుపు కాడ నిలబడి చాయ్ సైగ చేసిండు. చేసింది తప్పు. 'దంచు' అన్నట్టొచ్చింది. మేమిద్దరం సరిజేసినం.

కునిహిరా వాళ్ల అమ్మమ్మ వచ్చిందా?

ఫరీహా


ఫోర్ట్ పోర్టల్
మార్చి 30

ఫరీ,

నీ ఉత్తరం బసెమెరా టీచర్‌కు మొత్తం సైగలతోని చెప్పిన. చెప్పులు గుడి కాడ పోయిన ముచ్చట కాడ ఆమె నవ్వి నవ్వి కండ్లు తుడుచుకున్నది. నేను ఇంత పొడుగు కథ ఆగకుండ చెప్పుడు అదే మొదటిసారి. అయినంక నన్ను చూసి, "సోమారం నుంచి చిన్న క్లాసుకు రా" అన్నది. నీ దాదీనే నన్ను పాస్ చేసింది.

నిన్న ఆదివారం తల్లిదండ్రులు చూడవచ్చే దినం. అమ్మమ్మ వచ్చింది. ఎడమ చేతిల కట్టె, నెత్తి మీద గుడ్డ. గేటు కాడికి కునిహిరా ఉరుకుతదనుకున్నం. ఉరుకలే. నడుచుకుంట పోయి ముంగట నిలబడి, చేతులతోని అడిగింది. ముసలామెకు సైగలు రావు గద, పిల్ల చేతులు చూసి భయపడ్డది. వినబడే టీచర్ ఒకామె, బిరుంగి, పక్కన నిలబడి వాళ్ల భాషల చెప్పింది. నాకు ఇంగ్లిషుల చెప్పింది.

పిల్ల అడిగింది గంతే: "నువ్వు పోయినవ్. నేను చెడ్డ?"

ముసలామె గుడ్డ కొసతోని మొఖం తుడుచుకొని చెప్పింది: "నువ్వు చెడ్డదానివి కాదు బిడ్డా. నువ్వు ఆకలైతే ఏడుస్తవ్, నొప్పైతే ఏడుస్తవ్. ఏ ఏడుపు ఏందో నాకొక్కదానికే తెలుసు. నేను పోయినంక నిన్ను ఎవరు గుర్తుపట్టాలె? గందుకే తెచ్చిన."

దాన్ని సైగలతోని చెప్పింది బసెమెరా టీచర్. మోకాళ్ల మీద కూసొని, పిల్ల కండ్లకు సమానంగ చేతులు పెట్టి, ఒక్కొక్కటి మెల్లగ చెప్పింది. కునిహిరాకు ఎంత అర్థమైందో నాకు తెల్వది. పిల్ల ఆమె చేతులు చూసింది, అమ్మమ్మను చూసింది. అటెంక అమ్మమ్మను అడిగింది: "ఆకలి?" చెయ్యి పట్టుకొని వంటింటి దిక్కు గుంజుకపోయింది. తన పళ్లెంలనే మతోకె పెట్టింది.

పొద్దుమూకేదాక బసెమెరా టీచర్ ఆ ముసలామెను పక్కన కూసుండబెట్టుకొని ఐదారు సైగలు నేర్పింది. "పిల్లకు నేర్పితే సగం పని. ఇంటికి గూడ నేర్పాలె" అన్నది నాతోని. ఆమె మొదటిసారి టీచరై నిలబడ్డప్పుడు, చెవిటామె ఏం చెప్తదని కొందరు తల్లిదండ్రులు తమ పిల్లలను వాపస్ తీసుకపోయిన్రట. ఇప్పుడు వాళ్లలోనే ఒకామె మనుమడు ఈ బడిల ఉన్నడు.

ఫరీ, నేను ఇంతదూరం వచ్చి చూసినదాన్ని నువ్వు మీ గల్లీల కూసొని చేసినవ్. నేను చదువుకొని నేర్చుకుంటున్న. నువ్వు ఒక్క ఉత్తరం చదివి చేసి చూపించినవ్. ఈ మాట మొఖం మీద చెప్తే నువ్వు కొడ్తవని రాస్తున్న.

మే నెలల వస్త.

సింధుజ


సిద్దిపేట
ఏప్రిల్ 20

సింధూ,

కొడ్త. అయినా రా.

మొన్న మా అర్ఫాత్ భాయ్ నిఖా అయ్యింది. మా పెద్దత్త కొడుకు. దాదీ రానంటే రానన్నది. "హాల్ల బొమ్మ లెక్క కూసుండాలె. అందరు నవ్వుతరు, నేను గూడ ఉత్తగ నవ్వాలె" అన్నది. నాకు తెలుసు గద, నేను గిన్నేండ్లు పెండ్లిళ్లల్ల ఉత్తగనే నవ్విన. నేను పక్కనే ఉంట, అంతా చెప్త అని సైగ చేసిన. అప్పుడు జరీ చీర తీసింది.

ఆడోళ్ల దిక్కు ఒక మూలకు కుర్చీలు ఏసుకున్నం, హాలంత కనబడేటట్టు. ఫంక్షన్ హాల్ల బాజా, పిల్లల లొల్లి, వినబడేటోళ్లే ఒకరి చెవుల ఒకరు అరుచుకుంటున్నరు. మాకు ఆ బాధ లేదు. నేను అటు కొస పెదవులు చదువుకుంట దాదీకి చెప్తున్న. పిల్ల తరపోళ్లు బిర్యానీల ఉప్పు తక్కువైందంటున్నరు. పిల్లగాడు చెప్పులు కరుస్తున్నయంటుండు. అవతలి కుర్చీల ఇద్దరు ఆడోళ్లు మా దిక్కు చూసి ఏదో అన్నరు. నేను చేతులు ఆపిన. దాదీ మోచేతితోని పొడిచింది, ఏందట అని. చెప్పొద్దనుకున్న. వదులలే. చెప్పిన: "గింత ముసలామెకు గంత జరీ ఎందుకు" అంటున్నరని.

దాదీ కొంగు అంచు ఎత్తి, జరీ మంచిగ కనబడేటట్టు పరిచి, వాళ్ల దిక్కు తిరిగి తలకాయ ఊపింది. వాళ్ల మొఖాలు చూడాల్సి ఉండె సింధూ! మేమిద్దరం ఒకరి భుజం మీద ఒకరం పడి నవ్వినం. పెద్దత్త ఉరికొచ్చి ఏమైందని అడిగింది. దాదీ హాలంత వినబడేటట్టు అన్నదట (ఎంత గట్టిగ అంటుందో ఆమెకు తెల్వది గద): "నా మనుమరాలికి వినబడినంత దూరం గీ హాల్ల ఎవ్వరికీ వినబడది." అబ్బా మొగోళ్ల దిక్కు నుంచి విన్నడట. ఇంటికొచ్చినంక చెప్పిండు, కండ్లు ఒత్తుకుంట.

నిన్న పొద్దుగూకే ముందు, అసర్ నమాజ్ అయినంక, దాదీ పక్కన కూసున్న. గల్లీ చూస్తమనుకున్న. దాదీ కిటికీ పరదా ఏసి నా దిక్కు తిరిగింది. తన చెవి చూపించి, వేళ్లు మెల్లమెల్లగ ముడిచింది. నాది గిట్ల పోయింది, అని. అటెంక నా చెవి చూపించి, చెయ్యి తిప్పింది. నీది ఎట్ల?

సింధూ, ఇన్నేండ్లల్ల ఎవ్వరూ అడుగలే. జ్వరం ఎన్ని దినాలుండె అని డాక్టర్లు అడిగిన్రు. అమ్మీ ఏడ్చింది. నువ్వు చీటీలు రాసినవ్. ఎట్లుండె అని ఎవరూ అడుగలే. నీకు గూడ భయమయ్యి ఉంటది.

చెప్పిన. దవాఖానల కండ్లు తెరిస్తే అమ్మీ పెదవులు కదులుతున్నయి. మాట లేదు. అమ్మీ నాతోని ఆటాడుతుందనుకున్న. అటెంక అబ్బా వచ్చి గట్లనే పెదవులు ఆడించిండు, నర్సమ్మ ఆడించింది. నేనేదో పెద్ద తప్పు చేసిన, గందుకే అందరు కలిసి నాతోని మాట బంద్ చేసిన్రు అనుకున్న. మస్తు దినాలు గట్లనే అనుకున్న. తప్పేందో తెల్వక మాఫీ అడిగేదాన్ని.

దాదీ నా చేతులు చూసుకుంట చూసుకుంట తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని, సైగలతోని చెప్పింది: నేను గూడ. నేను గూడ గట్లనే అనుకున్న. కొడుకు, కోడలు అందరు నా మీద కోపం పట్టిన్రు, నా తప్పేందో చెప్తలేరని.

తఖ్త్ మీద ఇద్దరం ఎదురెదురుగ కాళ్లు ముడుచుకొని కూసున్నం. నేను చెప్తున్న, ఆమె అడుగుతుంది. ఆమె చెప్తుంది, నేను అడుగుతున్న. మాకు లేని సైగ కాడ కొత్తది పుట్టించుకున్నం. ఎంతసేపయిందో తెల్వది. చాయ్ పెట్టిన రమ్మని అమ్మీ వంటింట్ల నుంచి పిలిచిందట. మల్ల పిలిచిందట. పిలిచి పిలిచి యాష్టకొచ్చి, కప్పులు పట్టుకొని వచ్చి, తలుపు కాడ మమ్మల్ని చూసి అట్లనే నిలబడ్డది. మా ఇద్దరికీ వినబడలే.

ఫరీహా